మూత ఎక్కడ పెట్టాలి?

మా అక్క ఎడమ చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డా, టీవీ చూస్తున్నా, ఆఖరికి నిద్రలో కూడా. కొత్తగా చూసినవాళ్లు ఆవిడకి ఎవరిమీదో పీకలదాకా కోపం ఉందనుకుంటారు. కోపం ఉన్న మాట నిజమే గానీ పిడికిలి దానికోసం కాదు. పంతొమ్మిదేళ్లుగా పెట్రోలు బంకులో మూడో నంబరు పంపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి బండికీ ట్యాంకు మూత విప్పి, ఆ మూతని ఎడమ చేతిలో పట్టుకుని కుడిచేత్తో పెట్రోలు కొట్టింది. అందుకే ఆ చెయ్యి అలా అయిపోయింది.

మిగతావాళ్లు అలా చెయ్యరు. మూత విప్పగానే కారు టాపు మీద పెట్టేస్తారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నాజిల్ తేలిగ్గా ఆడుతుంది. ఆ తరవాత కార్డు గీకడం, రసీదు చింపడం, వెనక బండివాడు హారన్ కొట్టడం. ఈ గోలలో మూత సంగతి మర్చిపోతారు. కారు టాపు మీద మూతతోనే వెళ్లిపోతుంది. మొదటి మలుపులో అది కింద పడుతుంది. రెండు రోజుల తరవాత ఆ కారాయన ట్యాంకు నోట్లో ప్లాస్టిక్ కవరు కుక్కుకుని వచ్చి, "ఏమండీ, మొన్న నా మూత ఏమైనా..." అని నసుగుతాడు. అలా రోడ్డు మీద, బంకు గేటు దగ్గర దొరికిన మూతలన్నీ అక్క ఏరుకొచ్చి, మీద తేదీ రాసి, పంపు పక్కన ఒక ఇనప బకెట్టులో వేస్తుంది. బంకులో అందరూ ఆవిడని మూతలమ్మ అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఆవిడ మాత్రం హాజరు పట్టీలో రాసుకున్న పేరు పిలిచినట్టే పలుకుతుంది.

నేను ఆవిడ తమ్ముణ్ణి. అదే బంకులో చివర, గాలి కొట్టే మూల నాది. ఆ ఉద్యోగం కూడా ఆవిడ వేయించిందే. కాబట్టి నేను చెప్పేదాంట్లో పక్షపాతం ఉంటుంది, ఉంటే ఉండనీండి.

అక్క కూడా ఒకప్పుడు టాపు మీదే పెట్టేది. చేరిన నెలలోనే ఒక కారు మూత లేకుండా వెళ్లిపోయింది. ట్యాంకు నిండా ఉంది. మలుపు తిరిగేసరికి పెట్రోలు తొణికి రోడ్డు మీద పడింది. వెనకే స్కూటరు మీద వస్తున్న ఒక దర్జీ జారిపడ్డాడు, కుడికాలు విరిగింది. కాలితో తొక్కే మిషను ఆయనది. మూడు నెలలు ఆ మిషను మూలన పడింది. అక్క ఆస్పత్రికి వెళ్లి, "తప్పు నాది" అని ఆయన మంచం పక్కన నిలబడి చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కూడా. ఆ దర్జీ ఎంత మంచివాడంటే, ఈ రోజుకీ అక్క మణికట్టుకి చుట్టుకునే గుడ్డముక్కలు ఆయన కొట్లోవే. నాజిల్ తీసేటప్పుడు చివర వేలాడే చుక్కని ఆ గుడ్డతో పట్టేస్తుంది. ఆ రోజు నుంచి అక్క ఏ మూతనీ టాపు మీద పెట్టలేదు.

ఈ సంగతి తెలియకపోతే తరవాత జరిగింది ఉత్త మొండితనంలా కనపడుతుంది.

ఒక కార్ల కంపెనీ కొత్తగా ఒక చిన్న కారు తయారుచేసింది. ఇంకా అమ్మకానికి రాలేదు. దానికి మొట్టమొదటిసారి పెట్రోలు కొట్టే దృశ్యం ప్రకటన కోసం మా బంకులో తీస్తామన్నారు. మా ఓనరు కాళ్లు నేలమీద లేవు. పంపులు కడిగించాడు, మెట్లకి రంగు వేయించాడు, మా చేత తలలు దువ్వించాడు. పాత మనిషి, పని తెలిసిన మనిషి అని అక్కనే ఎంచుకుని, చేతికి తెల్లటి కొత్త గ్లవుజులు ఇచ్చాడు.

పొద్దున పదింటికి కారు వచ్చింది. నడుపుతున్నది దాన్ని గీసిన డిజైనరే. నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. వచ్చి పంపుకి అవతలి పక్క ఆపాడు.

"ఇటు కాదు సార్, మూత ఆ పక్కనుంది," అంది అక్క.

ఆయన నాలుక కరుచుకున్నాడు. కన్నబిడ్డకి పుట్టుమచ్చ ఏ పక్కనుందో తెలియని తండ్రిలా ఉన్నాడు అనిపించింది నాకు. నవ్వితే ఉద్యోగం ఊడుతుందని పెదవి కొరుక్కున్నాను. ఆయన కారు వెనక్కి తీసి, తిప్పి, మళ్లీ తెచ్చి పెట్టాడు. కెమెరా మొదలైంది.

అక్క చిన్న తలుపు తెరిచింది, మూత విప్పింది, ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. గ్లవుజుకి నల్లటి మరక పడింది.

"కట్," అన్నాడు కెమెరా ఆయన. "ఆ మూత చేతిలో బాగాలేదమ్మా. చెయ్యి మురికిగా కనపడుతోంది."

"మూత పైన పెట్టేయండి అమ్మా," అన్నాడు డిజైనరు. "అందరూ అలాగే పెడతారు కదా."

"అందరూ పెడతారు. నేను పెట్టను సార్."

ఓనరు ముఖం మాడిపోయింది. "ఏంటమ్మా ఇది? రెండు నిమిషాల పని. పెట్టు."

అక్క ఆయన వంక చూడలేదు. డిజైనరునే చూస్తూ అడిగింది. "సార్, ఈ కారు మీరే గీశారట కదా. సీటు ఎక్కడుండాలో గీశారు, గ్లాసు పెట్టుకోడానికి తలుపులో గుంట గీశారు. ఈ మూత విప్పాక ఎక్కడ పెట్టాలో చెప్పండి. ఇదిగో, ఈ నోటి చుట్టూ గుంట పెట్టారు. ఇందులో కారిన చుక్క ఎటు పోవాలో అది కూడా చెప్పండి. రెండే. చెబితే మీరన్నట్టే చేస్తాను."

ఇలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరని ముఖం చూస్తేనే తెలిసింది. కాస్త ఇబ్బందిగా నవ్వి, "సరే, నేనే కొడతాను, కెమెరా తిప్పండి," అన్నాడు.

తనే గ్లవుజులు తొడుక్కున్నాడు. మూత తీసుకుని టాపు మీద పెట్టాడు. పెట్రోలు కొట్టాడు. నాజిల్ తీసేటప్పుడు నాలుగు చుక్కలు గుంటలో పడి, గుంట అంచు దాటి, మెరుస్తున్న కొత్త రంగు మీద గీతలా కిందికి జారాయి. కెమెరా ఆయన సైగ చేశాడు. డిజైనరు కార్లో కూర్చుని, అద్దం దించి, చెయ్యి ఊపుతూ ముందుకి పోనిచ్చాడు.

గేటు దగ్గర కారు మలుపు తిరిగింది. టాపు మీదినుంచి మూత ఎగిరి కిందపడి, దొర్లుకుంటూ వెనక్కి వచ్చి, సరిగ్గా మూడో నంబరు పంపు ముందు ఆగింది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

ముందు నవ్వింది నేనే. ఆపుకోలేకపోయాను. తరవాత వరసలో ఉన్న బండ్లవాళ్లంతా నవ్వారు. అక్క నవ్వలేదు. వంగి మూత తీసుకుంది, జేబులోంచి పెన్ను తీసి దానిమీద ఆ రోజు తేదీ రాసింది, బకెట్టులో వేసింది.

ఆ సాయంత్రం ఓనరు అక్కని లోపలికి పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. తనే టైపు చేయించాడు. "అతిథుల ముందు జరిగిన అవమానానికి తప్పు నాదే. ఇకమీదట చెప్పినట్టు నడుచుకుంటాను." కింద సంతకానికి చోటు.

"ఈ సంతకం పెట్టేదాకా పంపు ముట్టుకోకు. గాలి మూలకి పో."

అక్క కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంది. పెట్టనూ అనలేదు, పెడతాననీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి నా పక్కన గాలి గొట్టం పట్టుకుంది.

గాలి మూల ఏమంత సుఖమైన చోటు కాదు. రోజుకి రెండువందల సార్లు టైరు ముందు గొంతుక్కూర్చోవాలి. అక్క మోకాళ్లు వారం తిరక్కముందే వాచిపోయాయి. ఇంటికెళ్లి వేడినీళ్ల గుడ్డ వేసుకుంటూ, పళ్లు బిగించి కూర్చునేది. మూడో పంపు దగ్గర ఇంకొకామెని పెట్టారు. ఆవిడ మూతలు టాపు మీద పెట్టేది. కింద పడినవి అక్క ఏరి వేస్తుంటే బకెట్టు నిండుతూ వచ్చింది.

నాకు కడుపు మండేది. ఓనరు మీద కాదు, అక్క మీదే. "ఒక్క సంతకం అక్కా! నీ పేరు అంతే! అది పెడితే నీ కిరీటం ఏం పోతుంది? ఇంకో ఐదేళ్లు ఇలా కూర్చుంటే నిన్ను ఎత్తుకుని తీసుకెళ్లాలి."

"ఎత్తుకుపోదువుగాని. సన్నగానే ఉన్నానుగా."

ఇక్కడ నా సిగ్గుమాలిన పని కూడా చెప్పాలి. ఒక రోజు అక్క చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు, కొక్కేనికి తగిలించిన ఆవిడ చొక్కా జేబులోంచి ఆ కాగితం తీశాను. అక్క సంతకం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు. బడి ప్రోగ్రెస్ కార్డుల మీద ఎన్నిసార్లు పెట్టానో. పెన్ను మూత తీశాను. అక్క వెనక నిలబడి చూస్తూనే ఉంది.

"పెట్టు," అంది.

నా చెయ్యి ఆగిపోయింది.

"పెట్టరా. తప్పు చేసినప్పుడు ఆస్పత్రికి వెళ్లి నేనే చెప్పాను, ఎవరూ కాగితం ఇవ్వలేదు. చెయ్యని తప్పుకి నువ్వు పెడతానంటే పెట్టు. ఆ దర్జీ దగ్గరికి కూడా నువ్వే వెళ్లి చెప్పు, మా అక్క మళ్లీ టాపు మీద పెడుతోందని."

కాగితం మడిచి ఇచ్చేశాను. ఆ రోజంతా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఐదో నెలలో ఒక సెలవు రోజు అక్క బకెట్టు ఎత్తుకుంది. రెండు బస్సులు మారి ఆ కార్ల కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. దారంతా మూతలు గలగలమంటుంటే బస్సులో అందరూ మమ్మల్నే చూశారు. గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడు.

"ఏంటమ్మా ఇవి?"

"మీవాళ్లు గీయడం మర్చిపోయినవి."

లోపలికి వదలనన్నాడు. అక్క వాదించలేదు. బకెట్టు ఆయన బల్ల మీద పెట్టి, రసీదు కాగితం వెనక రెండు ముక్కలు రాసి పైన పెట్టింది. "మూత ఎక్కడ పెట్టాలి? చుక్క ఎటు పోవాలి? ఇవి అడిగినందుకు నేను గాలి కొడుతున్నాను." కింద బంకు అడ్రసు. సంతకం కూడా పెట్టింది, పెద్దగా, వంకర లేకుండా.

"చెత్తబుట్టలో వేస్తారు," అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

"వెయ్యనీ. వేసేటప్పుడు బరువు తెలుస్తుందిగా."

చాలా వారాలు ఏమీ జరగలేదు. తరవాత ఒక పొద్దున అదే చిన్న కారు బంకులోకి వచ్చింది. ఈసారి తిన్నగా మూడో పంపు పక్కకి, మూత ఉన్న వైపే వచ్చి ఆగింది. డిజైనరు దిగి, "మూతలమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు. కెమెరా లేదు. ఓనరు మాత్రం గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. సంగతి అర్థమయ్యాక గాలి మూలకి వచ్చి, జేబులోంచి పెన్ను తీసి అక్క ముందు చాపాడు.

"ఆయన నిన్నే అడుగుతున్నాడు. ఆ కాగితం మీద ఓ గీత గీకి రా తల్లీ. ఇవ్వాళ్టినుంచి మూడో పంపు నీదే."

అక్క మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. పెన్ను అలాగే ఓనరు చేతిలో ఉండిపోయింది. ఆవిడ నడుచుకుంటూ పంపు దగ్గరికి వెళ్లింది. నేను గాలి గొట్టం వదిలేసి వెనకే వెళ్లాను. ఊడితే ఇద్దరికీ ఒకేసారి ఊడుతుంది అనుకున్నాను.

డిజైనరు కారు లోపల మీటరు దగ్గర చూపించాడు. పెట్రోలు గుర్తు పక్కన ఒక చిన్న బాణం. "మూత ఏ పక్కనుందో ఇది చెబుతుంది. నాలాంటివాళ్ల కోసం," అన్నాడు. "మీ బకెట్టు నా టేబులు మీదే ఉందమ్మా. దాంట్లో నా మూత కూడా ఉంది, తేదీతో సహా."

అక్క చిన్న తలుపు తెరిచింది. మూత విప్పింది. దానికి నల్లటి పట్టీ ఒకటి ఉంది, మూతని ట్యాంకు నోటికి కట్టేసి. తలుపు లోపలివైపు ఒక కొక్కెం. అక్క మూతని దానికి తగిలించింది. వదిలింది. పడలేదు. కుడిచేత్తో నాజిల్ పెట్టి మీట నొక్కింది.

ఎడమ చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. అక్క దాన్ని కళ్లెదుటికి తెచ్చుకుని, వేళ్లు ఒక్కొక్కటే చాచి చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు.

పంపు మీటరు ఆగింది. అక్క నాజిల్ పైకి తిప్పి, ఒక క్షణం ఆగి, తీసింది. అంత జాగ్రత్తగా తీసినా రెండు చుక్కలు గుంటలో పడ్డాయి. నిండి, అంచు దాటి, రంగు మీదికి జారాయి.

ఆవిడ మణికట్టు చూసుకుంది. గాలి మూలలో గుడ్డ కట్టుకునే పని లేదు కదా. జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, దాంతో ఆ చుక్కల్ని శుభ్రంగా తుడిచింది. టైపు అక్షరాలు తడిసి, సంతకం చోట పెట్రోలు మరక గుండ్రంగా పరుచుకుంది.

ఓనరు అప్పుడే వచ్చి చేరాడు. ఆ కాగితం ఏమిటో గుర్తుపట్టి, పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"సంతకం అడిగారుగా సార్," అంది అక్క ఆయనతో. "ఇదిగో, ఈ మరకతో అసలు పెట్టాల్సినవాళ్లే పెట్టారు." ఆ తడికాగితాన్ని డిజైనరు చేతిలో పెట్టింది. "మొదటిదానికి జవాబు తెచ్చారు, బావుంది. రెండోది ఇంకా ఉంది. ఇది కూడా మీ టేబులు మీద పెట్టుకోండి."

ఆయన కాగితం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఓనరు వంక ఒకసారి చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా తడుస్తుందని కూడా చూడలేదు.

వెనక బండివాడు హారన్ కొట్టాడు. పాత కారు, కొక్కెం లేదు, పట్టీ లేదు. అక్క మూడో పంపు దగ్గరే నిలబడి, "రండి బాబూ, ముందుకి రండి," అని పిలిచి, మూత విప్పి ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. గాలి మూలకి పొమ్మని ఎవరూ అనలేదు.