గొర్రెలు విన్న కూత

నేను దయ్యాలను నమ్మను. పెద్ద చదువు చదివి కాదు. కల్వకుర్తి నుంచి మా ఊరి దాకా తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ఆ దారిలో ఆటో నడుపుతాను. చాయ్ హోటల్ ముందు ఆపితే నలుగురు చేరి ఒకటి చెప్పమంటారు, చెబుతాను. కాబట్టి ఇప్పుడు రాసేది మీరు నమ్మకపోయినా నాకు కోపం లేదు.

ఆరేళ్ల కిందటి సంగతి. మా అక్క సాయమ్మ భర్త మల్లయ్య గొర్రెల కాపరి. ఆ వానాకాలం మందకు నీలినాలుక రోగం తగిలి సగానికి సగం పోయాయి. బావ ఏడవలేదు. మిగిలినవాటిని మేపుకొచ్చేవాడు.

దసరా దాటాక మాట తగ్గింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కంచం పెడితే ముద్ద కలిపి, దాన్ని అలాగే చూస్తుండేవాడు. ఒకసారి మాత్రం అక్కతో, "నేనుండి ఏం ఫాయిదా సాయమ్మా?" అన్నాడట. అలసిపోయి అంటున్నాడనుకుంది అక్క.

నేనైతే నవ్వులాట చేశాను. హోటల్ దగ్గర "మీ బావకేమైందిరా" అని అడిగితే నోరు ఊరుకోలేదు. చచ్చిన గొర్రె ఒకటి వాగు ఒడ్డున నిలబడి, మనిషి గొంతుతో "మల్లయ్యా, నన్నెందుకు ఇడిసిపెట్టినవ్" అని అడిగిందని చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు.

వారం తిరగకముందే ఆ కథను అక్క నాకే చెప్పింది, వణుకుతూ.

"తమ్మీ, మీ బావను చచ్చిన గొర్రె పట్టిందంట. చూసినోళ్లే చెప్పిన్రు."

"అక్కా, అది నేను అల్లింది."

"ఊరంత చూసినమంటాంది. నువ్వేందిరా, నీకన్ని పరాచికాలే!"

నా జీవితంలో నిజం చెప్పిన ఒకే ఒక్కసారి నన్నెవరూ నమ్మలేదు.

గాలి దింపేవాణ్ని పిలిపించారు. అతను వేపమండలతో దిగదుడిచి, తాయెత్తు కట్టి, బావ నీడ పడితే మిగిలిన మంద కూడా పోతుందన్నాడు. అక్క భయపడి బావ చేతికర్ర తీసి దాచింది. గొర్రెలను నాకు అప్పగించింది. ఆ మనిషి రోజూ లేచి ఇల్లు దాటడానికి మిగిలిన ఒక్క కారణాన్నీ మేమే లాగేసుకున్నాం. మంచి చేస్తున్నామనే అనుకున్నాం.

గొర్రెలు నన్ను లెక్కచేయలేదు. మా దిక్కు ఏ కాపరి కూత వాడిదే. బావ కూత పొడుగ్గా లేచి, మధ్యలో తెగి, చివర రెండు పొట్టి కూతలతో ముగుస్తుంది. నేను ఎంత ప్రయత్నించినా అవి తలెత్తి జాలిగా చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టేవి.

పదో రోజు మధ్యాహ్నం రెండు దాటింది. గుట్ట కింద బీడులో తుమ్మచెట్టు నీడన కూర్చున్నాను. కునుకు తీయలేదు, కల్లు తాగలేదు. పడమటి దిక్కు నుంచి బావ కూత వినిపించింది. పొడుగ్గా లేచి, తెగి, రెండు పొట్టివి.

గొర్రెలన్నీ ఒక్కసారే తలెత్తి పడమటికి ఉరికాయి. ఇల్లేమో తూర్పున ఉంది. వాటి వెంట గుట్ట చుట్టూ పరుగెత్తాను. ఎవరూ వాడని పాత వ్యవసాయ బావి దగ్గర అవి ఆగాయి. గట్టు మీద బావ కూర్చున్నాడు. చెప్పులు విడిచి పక్కన సర్ది పెట్టాడు. ఎందుకొచ్చావని అడగాల్సిన పని లేకపోయింది. వెళ్లి జబ్బ పట్టుకున్నాను.

"గీ గొర్లనెందుకు తోలుకొచ్చినవ్ రా?" అన్నాడు.

"నువ్వు పిలిస్తివి గద బావా."

నా మొహంలోకి చూశాడు. "నేను పిలువలే."

ఆ పొద్దే అక్కనూ బావనూ ఆటోలో ఎక్కించి పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. అక్క చచ్చిన గొర్రె సంగతి మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆగమని చెప్పి, బావనే అడిగింది: నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మా భయం. బావ అవునని తల ఊపి, అన్ని నెలల్లో మొదటిసారి ఏడ్చాడు.

"అడిగితే పుట్టదు. మోస్తున్నది దించుకునే జాగా దొరుకుతది," అంది ఆమె.

ఆ జబ్బు పేరు డిప్రెషన్ అట. షుగరులా, బీపీలా అదీ జబ్బే. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నయమైందని మధ్యలో మానొద్దు, కల్లు బంద్, మనిషిని ఒంటరిగా వదలొద్దు అని చెప్పింది. కర్ర సంగతి వినగానే మాత్రం అక్కను కసిరింది: "మందులు నేనిస్త. ఆయన గొర్లను ఆయనకియ్యుండ్రి. తోడు ఒకరు పోండ్రి."

ఆటో పక్కన పెట్టి చలికాలమంతా తోడు నేనే పోయాను. శివరాత్రి దగ్గర పడుతుండగా ఒకరోజు బావ, "నీ కథలు బంద్ చెయ్యరా, గొర్లు గూడ ఆవులిస్తున్నయ్" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

ఆ కూత గురించి ఆరా తీశాను. ఆ రోజు నా పక్కనే గడ్డి కోసిన ఎల్లమ్మవ్వ, "నాకేం ఇనబడలే బిడ్డా, గొర్లు ఉరికినయ్ గంతే" అంది. బీడుకూ బావికీ మధ్య గుట్ట అడ్డం. బావ కోలుకున్నాక ఒకసారి, అక్కను తోడుంచి ఆయననే బావి దగ్గర నిలబెట్టి గట్టిగా కూత వేయించాను. ఇటు బీడులో నాకు ఏమీ వినిపించలేదు. గొర్రెలూ కదల్లేదు.

చివరికి బావనే మళ్లీ అడిగాను.

"పిలుద్దామనుకున్న," అన్నాడు నేల చూస్తూ. "గొంతు లేవలే."

హోటల్ దగ్గర ఇది చెబితే, చచ్చిన గొర్రె కథే బాగుందన్నారు. ఎన్నో కథలు అల్లినవాణ్ని, దీనికి మాత్రం ఈనాటికీ ఒక కారణం అల్లలేకపోయాను.

పోయిన వానాకాలం బావ మళ్లీ కంచం ముందు ముద్ద కలిపి కూర్చున్నాడు. వరుసగా మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్నే ఆయన పక్కన కూర్చుని, డాక్టరమ్మ అడిగిన మాటే నేరుగా అడిగాను. దవాఖానకు పోదామని ఆటో బయటికి తీశాను. ఈసారి ఏ కూతా వినిపించలేదు. వినిపించే దాకా నేను ఆగలేదు.