రంగరాజులు మోసిన నూలు

గుడియాత్తం బజారులో గళ్ల లుంగీకి సొంత పేరుతో చీటీ అంటించి అమ్మిన మొదటి తెలుగువాడు రంగరాజులు. పల్లె బడిలో ఐదో తరగతితో చదువు ఆపేసినవాడు. ఆ చదువుతోనే వేలూరు దుకాణాలకు సరుకు పంపాడు. మలేషియాకు పోయివచ్చే వ్యాపారి ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మూటలు కట్టించుకుపోయేట్టు చేసుకున్నాడు. వ్యాపారుల సంఘం వాళ్లు శాలువా కప్పి షీల్డు ఇచ్చారు. అది ఇప్పటికీ ముందుగదిలో గడియారం పక్కన ఉంది. కూతురు మీనాను ఫార్మసీ చదివించాడు, ఆమె వేలూరులో మందుల షాపు నడుపుతోంది. కరోనా కాలంలో బజారంతా మూతపడినా తన మనుషుల మగ్గాలు ఆగనివ్వలేదు. ఇవన్నీ చెప్పుకోదగ్గవే. రంగరాజులు చెప్పుకునేవాడు కూడా, ఎదుటివాళ్లు అడిగినా అడగకపోయినా.

అన్నిటికంటే ఆయన గొప్పగా చెప్పుకున్నది మరొకటి ఉంది. "నా చేతి మీదగా పోకుండా ఒక్క పోగు కూడా మగ్గమెక్కలేదప్పా" అనేవాడు. అందులో అబద్ధం లేదు.

నూలుకు రంగు అద్దేది ఏళుమలై. రంగు ఆరిన నూలును రంగరాజులు స్కూటరు మీద, కాళ్ల దగ్గర మూటగా పెట్టుకొని ఇంటికి తెచ్చేవాడు. మరునాడు దాన్ని కాశికి చేర్చేవాడు. కాశి పని పడుగు పోయడం, అంటే నిలువు పోగులను గళ్ల ప్రకారం వరసగా పేర్చి చుట్టి ఇవ్వడం. ఆ పడుగు మళ్లీ రంగరాజులు ఇంటికి వచ్చి, అక్కడి నుంచి అణైకట్ వైపు పల్లెలో ఉండే గోమతికి చేరేది. గోమతి, ఆమె తోడికోడళ్లు కలిసి మగ్గాల మీద లుంగీలు నేసేవాళ్లు. ఏళుమలైకి కాశి ఎవరో తెలియదు. కాశికి గోమతి ఏ ఊరిదో తెలియదు. ఒకరికొకరు తెలిస్తే అందరూ కలిసిపోయి తనను పక్కకు నెడతారని రంగరాజులు భయం. గళ్ల లెక్కను కూడా ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. రంగు సంగతి ఏళుమలైకి, పోగుల వరస కాశికి, అంచు సంగతి గోమతికి, ఎవరి ముక్క వాళ్లకు మాత్రం తలుపు దగ్గరికి వేసి చెప్పేవాడు.

ఏటా ఆయుధపూజ నాడు కూడా ఇదే పద్ధతి. బొరుగులు, పుట్నాలు, బెల్లం సంచిలో వేసుకొని ఒక్కొక్కరి ఇంటికీ తానే వెళ్లి, రంగు తొట్టికీ పడుగు కర్రకూ మగ్గాలకూ తన చేత్తో బొట్టు పెట్టి వచ్చేవాడు. ఆ బొట్టు పడనిదే వాళ్లు దీపావళి సరుకుకు చేయి పెట్టేవాళ్లు కాదు.

ఆ ఏడు ఆయుధపూజకు ముందు వానలో అణైకట్ రోడ్డు మీద స్కూటరు జారింది. కాళ్ల దగ్గర మూట ఉండడంతో కాలు కింద ఊనలేకపోయాడు. ఎముక విరిగింది. వేలూరు ఆసుపత్రిలో కట్టు కట్టి, కదలకూడదని చెప్పి ఇంటికి పంపారు.

మంచం మీద ఉండగా ఉమాపతి ఫోన్ చేశాడు. వేలూరులో ఆయనది పెద్ద బట్టల దుకాణం. రంగరాజులు సరుకులో ముప్పాతిక వంతు అక్కడికే పోతుంది.

"దీపావళికి జనం మీ ఎర్రంచు గళ్లే అడగతారు రాజులన్నా. మీకు వీలు కాకపోతే చెప్పండి, ఈరోడ్ నుంచి తెప్పించుకుంటా. అయితే ఒకసారి వాళ్ల సరుకు అరల్లోకెక్కితే మా కొడుకు మళ్లా దించనీడు. అది కూడా ఇప్పుడే చెప్పేస్తా ఉండా."

"వస్తాదప్పా. ఇరిగింది కాలు, నోరు కాదు గదా" అన్నాడు రంగరాజులు.

ఫోన్ పెట్టేశాక భార్య చిన్నమణి మంచం పక్కన కూర్చుంది. "నోరుంటే నూలు నడుస్తాదా? ఏళుమలైకి చెప్పండి, కాశి ఇంట్లో ఇచ్చి రమ్మని."

"కాశి ఇల్లు వాడికెందుకు తెలియాల?"

"తెలిస్తే ఏమయితాది?"

"రేపు నన్నెవురు అడగతారు?"

"ఇప్పుడు మాత్రం ఎవురడగతా ఉండారు, మీనా నాయనా? ఆ డాక్టరొకడు. అదీ నొప్పి ఉండాదా అని."

ఆయన గోడవైపు తిరిగాడు. చిన్నమణి మెల్లగా అసలు సంగతి చెప్పింది. "మీరు పోయి బొట్టు పెట్టలేరు. పెట్టకుంటే వాళ్లు పని పట్టరు. అందుకని ఆయుధాల్నే ఇక్కడికి రమ్మన్నా. మీ ఫోన్‌లోనే చేసినా. ముగ్గురూ వస్తామన్నారు."

ఇంటికి వచ్చే ఆయుధాన్ని వద్దనకూడదు కాబట్టి బొరుగులు, పుట్నాలు తెప్పించమన్నాడు రంగరాజులు.

పూజనాటి పొద్దున ఏళుమలై నూలు తిప్పే కర్ర తెచ్చాడు. కాశి పోగులు విడదీసే వెదురు బద్ద తెచ్చాడు. గోమతి మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెను చీరకొంగులో చుట్టి తెచ్చింది. చిన్నమణి మూడింటినీ ఒకే పీట మీద పెట్టి, పీటను మంచం దగ్గరికి జరిపింది. రంగరాజులు పడుకునే బొట్లు పెట్టాడు. హారతి అయ్యాక అందరూ బొరుగులు తింటూ కూర్చున్నారు.

"నీ ఇల్లు యాడన్నా?" అని అడిగాడు ఏళుమలై.

"నెల్లూర్‌పేట. నీళ్ల ట్యాంకు ముందర సందు" అన్నాడు కాశి.

"ట్యాంకు వెనకాలే నా తొట్లు."

కాశి ఏళుమలై చేతుల వైపు చూశాడు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "దినామూ టీ కొట్టుకాడ నిలబడే మనిషివి నువ్వేనా? కసాయి అంగడాయన అనుకుంటా ఉంటినే."

బొరుగులు నములుతున్న గోమతికి పొలమారింది. "అట్లయితే ట్యాంకు వెనక నుంచి ముందరికి వచ్చేదానికి ఈ నూలు ఊరంతా తిరిగి, రాజులన్న ఇంట్లో ఒక నిద్ర చేసి వస్తా ఉన్నిందా?"

నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. రంగరాజులు మాత్రం నవ్వలేదు. భయపడినది ఎదురుగానే జరుగుతోంది.

నవ్వు తగ్గాక గోమతి కొంగు దులుపుకుంది. "సరే, ఈ దీపావళికి గళ్లు ఎట్ల? అంచు ఎంత?"

"నాకింకా చెప్పలేదు" అన్నాడు కాశి.

"ఎరుపు అద్ది పెట్టినా. నలుపు ఎంత కావాల్నో తెలీక ఆపినా" అన్నాడు ఏళుమలై.

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. రంగరాజులు కాశిని చేత్తో దగ్గరికి పిలిచాడు. కాశి వంగాడు. చెవిలో చెప్పబోయి రంగరాజులు ఆగిపోయాడు. ఎవరి ముక్క వాళ్లకు చెవిలో చెప్పినా, గడప దాటగానే ముగ్గురూ కలిపి చూసుకుంటారు. తలుపు మూయడానికి లేచే పరిస్థితి లేదు. ఉమాపతి దుకాణంలో ఖాళీగా ఉన్న అరలు కళ్ల ముందు మెదిలాయి.

"జరిగి కూర్చోప్పా, అందరికీ ఇనపడాల" అన్నాడు.

కళ్లు మూసుకొని, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. ముందు అంచు ఎరుపు, దాని పక్కన సన్న తెలుపు, ఆపైన నలుపు, మళ్లీ తెలుపు. ఏది ఎన్ని పోగులో, ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో అన్నీ చెప్పాడు. కాశి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. గోమతి పెదవులు కదిలిస్తూ వింది.

"నలుపు ఇంతేనా?" అన్నాడు ఏళుమలై. "నేను ప్రతిసారీ దండిగా అద్దేస్తా ఉంటి. అంతా మిగిలి మూల పడి ఉంటాది."

"దీనికా ఇన్నేండ్లు తలుపేసుకొని మాట్లాడినారు?" అంది చిన్నమణి.

ఆ సాయంత్రమే ఏళుమలై ఎర్ర నూలునూ, మూల పడి ఉన్న నల్ల నూలునూ భుజాన వేసుకొని ట్యాంకు ముందు సందుకు నడిచాడు. కాశి పోసిన పడుగు అణైకట్ బస్సెక్కింది, గోమతి స్టాపులో దించుకుంది. రంగరాజులు ఉమాపతి దుకాణం గుర్తులు చెప్పాక లుంగీలను ఆమే వేలూరుకు తీసుకుపోయింది. దీపావళికి ఉమాపతి అరల్లో ఎర్రంచు గళ్లే ఉన్నాయి.

ఉమాపతి ఫోన్ చేశాడు. "సరుకు బాగుండాది. గోమతమ్మ దించి పోయింది. ఇకమీదట నేను ఆమెతోనే మాట్లాడుకోవచ్చునా?"

రంగరాజులు ఇన్నేళ్లుగా రాకూడదనుకున్న ప్రశ్న అదే. ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఎప్పుడవుతాదో నేసే మనిషికి తెలుస్తాది. ఆమెనే అడగండి. ఏ గళ్లు అనేది మాత్రం నన్నడగండి."

కట్టు విప్పి, స్కూటరు నడపవచ్చని డాక్టరు చెప్పిన రోజున ఆయన అలవాటు కొద్దీ ఏళుమలై దగ్గరికి పోయాడు. నూలు కాశికి వెళ్లిపోయింది. కాశి దగ్గరికి పోతే పడుగు బస్సెక్కింది.

"మూట లేకుండా వచ్చినారే, ఒళ్లు బాగుండాదా?" అన్నాడు కాశి, టీ చెబుతూ.

టీ తాగి రంగరాజులు ఇంటికి వచ్చాడు. బీరువాలోంచి కొత్త లుంగీలు కొన్ని తీసి, మూట ఉండే చోట, కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పటి నుంచో పోవాలనుకుంటూ తీరిక లేక పోలేకపోయిన రోడ్డు ఎక్కాడు.

మధ్యాహ్నం చిన్నమణి ఫోన్ చేసింది. "అన్నం ఆరిపోతా ఉండాది. యాడ ఉండారు?"

"ఆంబూరులో."

"ఆంబూరులో మనకెవురుండారు?"

"ఇంకా ఎవురూ లేరు" అని రంగరాజులు ఫోన్ జేబులో వేసుకొని, లుంగీలు చంకన పెట్టుకొని, ఒక బట్టల దుకాణం మెట్లు ఎక్కాడు.