మూడు వేళ్ల మరక

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. కానీ పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషిని అసలు పేరుతో ఎవరు పిలుస్తారు? అందరికీ ఆవిడ సబ్బత్తే. కట్టుకున్నవాడు కూడా, ఉన్నన్నాళ్లూ, "ఏమే సబ్బూ" అనేవాడట పాపం. నెత్తురు, అయోడిన్, మందులు, సిరా, ఏ మరకని ఎలా వదిలించాలో ఆమెకి కొట్టిన పిండి. మిగతావాళ్లు చేతులెత్తేసిన దుప్పట్లన్నీ ఆమె తొట్టిలోకే వచ్చేవి. ఒక్క దుప్పటి కూడా మరకతో వెనక్కి పంపలేదన్నదే ఆమె చెప్పుకునే గొప్ప. ఇంకో గొప్ప చెప్పుకోగా ఎవరూ వినలేదు.

అలాంటి మనిషిని వయసైపోయిందని ఇంట్లో కూర్చోబెడితే ఊరుకుంటుందా? ఉతికిన బట్టలే మళ్లీ ఉతకడం మొదలుపెట్టింది. కొడుకు చొక్కాల కాలర్లు పలచబడ్డాయి. పరదాల మీది పువ్వులు ఏ రంగువో చెప్పడం కష్టమైపోయింది. కోడలు ఓపికమంతురాలే కానీ ఓపికకీ ఒక హద్దుంటుంది కదా!

"అత్తయ్యా, ఆ పరదాలు మొన్ననే ఉతికారు. నా మాట విని కాసేపు ఎక్కడికైనా వెళ్లిరండి. ఊరి మ్యూజియంలో ఊరికే సాయం చేసేవాళ్లు కావాలట, బోర్డు పెట్టారు."

అలా వెళ్లింది సబ్బత్త. మ్యూజియం అంటే ఏదో మహా భవనం అనుకునేరు! మూతపడ్డ పోస్టాఫీసులో రెండు గదులు. స్టాంపులమ్మిన కౌంటరు వెనకాల, ఇప్పుడు మ్యూజియం చూసుకునే రిటైరైన చరిత్ర మాస్టారు కూర్చుంటాడు. ఒక క్షవరం కుర్చీ, ఒక సినిమా ప్రొజెక్టరు, మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు నుంచి తెచ్చిన చిన్న చేతి మిషను, ఊరివాళ్లు తెచ్చిచ్చిన ఇంకా నానా సామానూ. మాస్టారికి ఒకటే నియమం. ప్రతి వస్తువుకీ ఒక కార్డు ఉంటుంది, అది ఎవరిదో, ఎందుకు దాచాలో అందులో రాసుంటుంది. కార్డు చదివాకే వస్తువు మీద చెయ్యి వెయ్యాలి.

రెండేళ్లు బాగానే గడిచింది. అద్దాలు తుడిచేది, దుమ్ము దులిపేది, వచ్చినవాళ్లకి అడగని సంగతులు కూడా చెప్పేది. ఒక్క కార్డుల దగ్గరే బద్ధకం. "చీపురు పట్టుకున్నదాన్ని, నాకు చదువులెందుకు మాస్టారూ" అని నవ్వేసేది. ఆయన తల కొట్టుకునేవాడు.

ఆ మంగళవారం మాస్టారు ఊళ్లో లేడు, చెల్లెలింటికి వెళ్లాడు. తాళం సబ్బత్త దగ్గరే ఉంది. తలుపు తీసేసరికి బల్ల మీద మడతపెట్టిన మందపాటి గుడ్డ ఏప్రన్ కనిపించింది, దాని కింద కవరులో కార్డు. ముందురోజు ఎవరో ఇచ్చి వెళ్లినట్టున్నారు. ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్లు కట్టుకునే ఏప్రన్ అది. ఆదివారం నాడు చేతి మిషను పక్కన కొక్కేనికి తగిలించాలని మాస్టారు చీటీ పెట్టాడు. సబ్బత్త విప్పి చూసింది. ఎడమ తొడ దగ్గర, అరచెయ్యంత మేర, నల్లగా సిరా మరక.

ఇంకేముంది! ఒళ్లు ఝల్లుమంది. ఇంత మొండి మరక చేతికి దొరికి ఎన్నాళ్లయిందో! కవరు ముట్టుకోనైనా లేదు. ఏప్రన్ సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకొచ్చేసింది.

"ఎవరిదత్తయ్యా అది? వాళ్లనడిగారా?" అంది కోడలు.

"అడిగేదేముందే? శుభ్రం చేస్తానంటే వద్దనేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?"

మొదటిరోజు కిరసనాయిలు ముంచిన దూదితో అద్ది అద్ది తీసింది. రెండోరోజు సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో గీకి, ఎండలో పడేసింది. నల్లది గోధుమరంగుకి దిగింది. "నువ్వో నేనో తేలిపోవాలి" అని మరకతో వాదులాడింది కూడా. మూడోరోజు సాయంత్రానికి గుడ్డ మంచుముక్కలా తెల్లగా మెరిసిపోయింది. నడుం పట్టేసినా సబ్బత్త మొహంలో పదేళ్లు తగ్గాయి. భోజనాల దగ్గర కొడుక్కి రెండుసార్లు చెప్పింది, అదెలా వదిలిందో.

శనివారం ఇస్త్రీ చేసి, తిరిగొచ్చిన మాస్టారి ముందు పరిచింది. భేష్ అంటాడని ఎదురుచూసింది. ఆయన గుడ్డ వంక చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకి తిప్పాడు. కవరులోంచి కార్డు తీసి ఆమె చేతికిచ్చాడు.

"కంపోజిటర్ ఏప్రన్. ఇచ్చినది ఆయన కూతురు. ఎడమ వైపు ఆయన సిరా చెయ్యి తుడుచుకున్న గుర్తు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మిషనులో పడి పోవడం వల్ల మూడు వేళ్లే ఉంటాయి. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. మిగిలింది ఈ గుర్తే."

సబ్బత్త వెనకనున్న కుర్చీలో కూలబడింది. చూస్తే అది క్షవరం కుర్చీ. ప్రదర్శన వస్తువు మీద కూర్చోకూడదని చప్పున లేచి నిలబడింది.

"కార్డు చదవమని నెత్తీనోరూ కొట్టుకున్నాను కదమ్మా!" అన్నాడు మాస్టారు. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "రేపే వస్తానంది ఆవిడ. గోడ మీద చూసుకోవాలని." తన మాట తనకే నచ్చనట్టు నేల చూస్తూ అన్నాడు. "చేతి మిషను దగ్గర సిరా ఉంది. రెండు వేళ్లు మడిచి ఒక్క అద్దు అద్దితే... ఎవరికి తెలుస్తుంది లెండి."

నిజం చెప్పాలంటే సబ్బత్తకి ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? అరచేతికి సిరా పూసుకుని, రెండు వేళ్లు మడిచి, ముందు పాత కాగితం మీద అద్ది చూసింది. అచ్చంగా పడింది, మూడు వేళ్లూ. కానీ సబ్బునీళ్లు తిని ఉబ్బిన తన కీళ్లు, బొటనవేలి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన తన మచ్చ, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరు చూసినా అది సబ్బత్త చెయ్యే.

కాగితం నలిపి చెత్తబుట్టలో వేసింది. "వద్దు మాస్టారూ. చేసింది నేను. నేనే చెప్పుకుంటాను."

ఆదివారం పదింటికి కంపోజిటర్ కూతురు వచ్చింది. అరవై దాటిన మనిషి. నేరుగా కొక్కెం దగ్గరికి నడిచింది. సబ్బత్త ఏప్రన్ రెండు చేతులా పట్టుకుని అడ్డం వెళ్లింది.

"అమ్మా, నేను దీన్ని ఉతికేశాను. కార్డు చదవలేదు. మురికనుకున్నాను. తప్పు నాదే, మాస్టారిది కాదు."

ఆవిడ అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండును! ఏప్రన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఎడమ వైపు గుడ్డ మీద అరచెయ్యి పెట్టి తడిమింది.

"చిన్నప్పుడు దీని మీద నా చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని, ఎప్పటికి సరిపోతుందా అని" అంది. తర్వాత సబ్బత్త వైపు తిరిగింది. "మా అమ్మ ఎన్నిసార్లు ఉతికిందో దీన్ని. ఉతికినప్పుడల్లా విసుక్కునేది, ఎంత రుద్దినా ఆయన చెయ్యి వదలట్లేదని. ఎన్నాళ్లు పట్టింది మీకు?"

"మూడు రోజులమ్మా."

"పనిమంతులండీ మీరు" అంది ఆవిడ. అందులో ఎగతాళి లేదు.

ముప్ఫై నాలుగేళ్లలో ఎంతమంది ఆ మాటన్నారో! అన్నప్పుడల్లా పొంగిపోయిన మనిషి ఆ ఉదయం తలెత్తలేకపోయింది. కంపోజిటర్ కూతురు ఏప్రన్‌ని మడతపెట్టి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మాస్టారు ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపుతాడు?

ఇక రావద్దంటారనే అనుకుంది సబ్బత్త. మాస్టారు ఆ మాట అనలేదు. కార్డు, పెన్ను ముందు పెట్టి, "జరిగింది మీరే రాయండి" అన్నాడంతే. వంకర అక్షరాలతో రాసింది: "ఈ గుర్తుని నేను ఉతికేశాను." కింద, చాలా ఏళ్లకి, తన అసలు పేరు పెట్టింది. ఆ కార్డుని ఖాళీ కొక్కెం కిందే అంటించారు. ఇప్పుడు సబ్బత్త కార్డు చదవనిదే అగ్గిపెట్టె కూడా కదపదు. ఇంట్లో పరదాల జోలికి వెళ్లడం మానేసింది. కోడలే బెంగపడి, "ఉతకండి అత్తయ్యా, నేనేమీ అనను" అంటోంది.

వచ్చినవాళ్లు ఆ కొక్కెం దగ్గర ఆగుతారు. వాళ్లు అడక్కముందే సబ్బత్త ఎడమ చెయ్యి ఎత్తి, చివరి రెండు వేళ్లు మడిచి చూపించి, కథంతా చెబుతుంది, తన తప్పు ఒక్క ముక్క కూడా తగ్గించకుండా. మొన్నొక టైలరు వచ్చాడు. బట్టతో పని చేసేవాడు కాబట్టి కాబోలు, అంతా శ్రద్ధగా విని అడిగాడు.

"ఎంతుండేదమ్మా ఆ చెయ్యి? పెద్దదా? వేళ్లు పొడుగా, పొట్టా?"

సబ్బత్త నోరు తెరిచింది. మరక అంచు ఎక్కడ ముదురుగా ఉండేదో, ఏ మూల ముందు కరిగిందో, ఏ మూల మూడోరోజు దాకా మొండికేసిందో అన్నీ కళ్లకి కట్టినట్టు గుర్తున్నాయి. చెయ్యి మాత్రం గుర్తు లేదు.

"తెలీదు నాయనా" అంది. "మూడు రోజులు నా చేతుల్లోనే ఉంది. ఒక్కసారి కూడా చూళ్లేదు."