చేపలింట్లో చేప పడని కుక్క

నేను వరి పండే పెంటపాడు వైపు నుంచి కొల్లేటి లంకకు కోడలిగా వచ్చేసరికే ఆ ఇంటి కుక్క ఒళ్లంతా పుండ్లు చేసుకుని ఉంది. చెవుల వెనక బొచ్చు ఊడిపోయింది. పొద్దస్తమానం గోక్కోవడమే దాని పని. మామగారు గజ్జి అని తేల్చేశారు. పిల్లలకు అంటుకుంటుందని, దోనెలో తీసుకెళ్లి అవతలి దిబ్బ మీద వదిలేసి వస్తానన్నారు. అక్కడ తిండి లేదు, మనిషి లేడు. వదిలితే చచ్చిపోతుంది.

అత్తగారికి ఆ కుక్కంటే ప్రాణం. ఆవిడ మందు ఒక్కటే, చేప. ఆ ఊళ్లో బాలింతకు చేప, జ్వరం తగ్గినవాడికి చేప, నీరసానికీ చేపే. కుక్క ఎంత గోక్కుంటే దాని ముందు అంత పెద్ద తలకాయ పడేది.

ఇంతలో ఈదురుగాలులు పట్టుకుని వేట ఆగిపోయింది. ఎండుచేపలు కూడా అయిపోయి అందరం పచ్చడి మెతుకులు తిన్నాం. ఆ రోజుల్లో కుక్క హాయిగా నిద్రపోయింది. మళ్లీ వేట మొదలైంది, దాంతోపాటే గోకుడూ మొదలైంది.

"దీనికి చేప పడటం లేదండీ అత్తయ్యగారూ," అన్నాను.

"చేపలోళ్లింట్లో పుట్టిన కుక్కకి చేప పడదా? వరి తప్ప నీకేం తెలుసే అమ్మాయ్!" అని ఆవిడ పకపకా నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. కొత్త కోడలు నోరెత్తకూడదంటారు. నేను ఎత్తాను. మామగారి దగ్గరికెళ్లి, "అమావాస్య దాకా ఆగండి మామయ్యగారూ. తగ్గకపోతే నేనే దింపొస్తాను," అన్నాను. ఆయన సరేనన్నారు.

కుక్కని నా మంచం కోడుకి కట్టేశాను. వేపాకు కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి, పుండ్లకు పసుపు కలిపిన కొబ్బరినూనె రాశాను. గంజన్నం పెడితే మొహం తిప్పుకునేది. తినేదాకా నేనూ కదిలేదాన్ని కాదు. పుండ్లు మానుతున్నాయి అనుకుంటుండగా, ఓ పొద్దున మళ్లీ నెత్తురొచ్చేలా గీరుకుంది. మంచం కింద చూస్తే చేప ముల్లు.

దాన్ని తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టాను. "దిబ్బ మీదకి పంపేది మామయ్యగారు కాదండీ, మీరే," అన్నాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. "అది నా కంచం వంక చూస్తుంటే ముద్ద దిగట్లేదే," అని ఏడ్చేశారు.

అమావాస్య నాడు మామగారు తాడు పట్టుకొచ్చారు. కుక్క చెవులు మడిచి చూశారు. సన్నగా కొత్త బొచ్చు వస్తోంది. తాడు దోనెలో పడేసి వేటకెళ్లిపోయారు.

ఆ పూట కొరమీను పులుసు. కుక్క అలవాటుగా వెళ్లి అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఆవిడ పులుసు గిన్నె నా వైపు జరిపి, తన కంచంలోనూ గంజన్నమే పెట్టుకున్నారు. అది బతికినన్నాళ్లూ దాని ఎదుట ఆవిడ చేప ముట్టలేదు.