భయం రాని మధ్యాహ్నం

మాది జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు. పోయినేడు వేసవిలో, బేరం మాట్లాడుతుండగానే నాకు గుండెదడ మొదలైంది. చేతులు చల్లబడి, ఊపిరాడక, చచ్చిపోతున్నానేమో అనుకున్నా. ఈసీజీ బాగానే ఉందన్నారు. దడ మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేది. చివరికి మా ఆయన నన్ను నందిగామలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు.

"ఇది ఆందోళన జబ్బమ్మా, తగ్గుతుంది. మందు మొదట్లో కాస్త ఇబ్బంది పెట్టొచ్చు. మీ అంతట మీరు ఆపెయ్యకండి" అన్నారాయన.

ఇబ్బందంటే ఏంటో ఇంటికొచ్చాక తెలిసింది. నోరు పిడచకట్టుకుపోయేది. కళ్లు మూతలు పడుతున్నా కాళ్లు ఊరుకునేవి కావు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. కొట్లో ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉండేదాన్ని.

"కాసేపు కూర్చోవే తల్లీ" అని మా ఆయన విసుక్కునేవారు.

దడ మాత్రం తగ్గింది. బిందెల దొంతర కూలినా ఉలిక్కిపడలేదు.

అలా ఉండగా ఓ మధ్యాహ్నం ఫోనొచ్చింది. నందిగామలో చదువుకుంటున్న మా అమ్మాయి స్కూటీ మీద నుంచి పడిందట. మా ఆయన మొహం పాలిపోయింది, కొట్టుకి తాళం వెయ్యాలని కూడా తోచలేదాయనకి. నేనే షట్టర్ దించా, కారు మాట్లాడా. దారంతా నాలో భయం కోసం వెతుక్కున్నా. లేదు. కాళ్లే ఆగకుండా ఊగుతున్నాయి. కన్నబిడ్డ పడిందన్నా ఏమీ అనిపించదా నాకు? ఆ ప్రశ్న బుర్రకి తట్టింది గానీ గుండెదాకా దిగలేదు.

ఆసుపత్రిలో దాని మోచేతికి కట్టు కట్టి ఉంది. పెద్ద దెబ్బేం కాదు.

"అమ్మా, తిట్టవేంటి? కోపమొచ్చిందా?"

"లేదే."

"మరి అలా చూస్తావేంటి, ఎవరినో చూసినట్టు?" అని ఏడ్చేసింది.

దాన్ని దగ్గరికి తీసుకుని నిలబడ్డా. నాకు ఏడుపు రాలేదు.

అట్నుంచటే డాక్టరు దగ్గరికి వెళ్లా. "దడ పోయిందండీ. దాంతోపాటు నేనూ పోయినట్టుంది" అన్నా. ఆయన నవ్వలేదు. నా కాళ్ల సంగతి వివరంగా అడిగి, ఒక మాత్ర తగ్గించి, ఇంకోటి మార్చారు.

కుదురుకోడానికి కొన్ని వారాలు పట్టింది. మందు ఇప్పటికీ వాడుతున్నా. దడ ఎప్పుడన్నా వస్తుంది, కాసేపుండి పోతుంది. మొన్న నేను పెనుగంచిప్రోలు వెళ్లినప్పుడు మా పుట్టింటివాళ్లు కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తే ఉన్నట్టుండి మబ్బు పట్టింది. అందరితోపాటు నాకూ కంగారు పుట్టింది. కాయలు తడవకుండా కప్పే పట్టాలు లాక్కుంటూ పరిగెత్తా.