పెట్టె చూడందే కార్డివ్వడు

తెనాలిలో శాలేమురాజుకు కంప్యూటర్ సామాన్ల కొట్టుంది. అమ్మడం మాత్రం ఆయనకు చేతకాదు. ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు, అంటే ఆటల్లో బొమ్మలు తడబడకుండా నడిపించే ముక్క, అడిగితే చాలు, ఆయన ఆడపిల్ల తండ్రైపోతాడు. కార్డు వెళ్ళబోయే ఇల్లెలాంటిదో తేలేదాకా అద్దాల బీరువా తాళం తియ్యడు.

"ఖరీదైందే ఇవ్వండి" అని కొలకలూరు నుంచి మధుబాబు వస్తే, "మీ కంప్యూటర్ పెట్టెలో పవర్ సప్లై ఎంతండి?" అన్నాడు.

"అదేంటండి?"

"అది కనుక్కుని రండి. అంత కరెంటివ్వలేని పెట్టెకి ఇంత కార్డు తగిలిస్తే రెండూ పోతాయి."

మధుబాబు చిరాకుపడి గుంటూరులో కొనుక్కున్నాడు. శాలేమురాజు రెండ్రోజులు ఆ కార్డుకేమైందోనని బెంగపెట్టుకున్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఓ శుక్రవారం భట్టిప్రోలు నుంచి శ్రీజ వచ్చింది. బాపట్లలో ఆమె చదివే కాలేజీకి వీడియో గేముల జట్టుంది. ఎవరిళ్ళలోంచి వాళ్ళు ఆన్‌లైన్లో ఆడతారు. శ్రీజ కంప్యూటర్లో ఆట నత్తనడక. శత్రువు ఆమెను కాల్చేసి, టీ తాగొచ్చాక గానీ ఆమెకు కనపడడు. శనివారం సాయంత్రం పోటీలోనూ ఇలాగే అయితే ఆమె బదులు దీపక్‌ను తీసుకుంటానని జట్టు నాయకురాలు హాసిని తేల్చేసింది. శ్రీజ ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఎనిమిది వేలూ పట్టుకొచ్చింది.

"చవకలో మంచి కార్డివ్వండి బాబాయ్."

"ఇప్పుడేం కార్డుంది?"

"మా అన్నయ్య తన పాత కంప్యూటరిచ్చాడు. అందులో ఏదో ఉందన్నాడు గానీ, అది పనికిరాదు."

"నువ్వు చూశావా?"

"లేదు."

"పెట్టె తీసుకురా."

"బస్సులోనా?"

"మొహం కూడా చూడకుండా పనికిరాదనేస్తే ఎట్టా తల్లీ?"

శ్రీజ బతిమాలింది. తర్వాత అరిచింది. "అసలు మీరు కొట్టెందుకు పెట్టారండి?" అని కడిగేసింది.

"మా ఆవిడ ఫ్లోరెన్స్ కూడా అదే అడుగుద్ది" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే ఆ పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, దారంతా ఆయన్ని తిట్టుకుంటూ శ్రీజ బస్సులో వచ్చింది. శాలేమురాజు దుప్పటి విప్పి, పెట్టెను వెనక్కి తిప్పి ఆగిపోయాడు. మానిటర్ తీగ పెట్టే కంతల్లో ఒక్కటే తెరిచి ఉంది. మిగతావాటి మీద ప్లాస్టరు.

"ఇదెవరంటించారు?"

"మా నానమ్మ బసవమ్మ. ఖాళీ కంతల్లో కుమ్మరి పురుగులు మట్టి గూళ్ళు పెడతాయని. ఆవిడ వదిలేసిన దాంట్లో నేను తీగ పెట్టుకున్నా."

"ఆవిడ మూసింది కార్డు కంతలమ్మా! నువ్వు పెట్టింది కార్డుతో పన్లేని దాంట్లో. పాపం, మీ అన్నయ్య కార్డు ఇన్నాళ్ళూ ఊరికే కూర్చుంది."

ప్లాస్టరు పీకి తీగ అక్కడ పెట్టాడు. ఆట పరుగెత్తింది. శ్రీజ ముందు ఎగిరి గంతేసింది, ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. నిన్న ఆయన కార్డమ్మేసి ఉంటే ఎనిమిది వేలూ పోయేవి, నానమ్మ కొత్త కార్డుకీ ప్లాస్టరేసేది.

"ఎంతివ్వమంటారు బాబాయ్?"

"తీగ మార్చినందుకా?" అంటూ ఆయన గుప్పెడు రబ్బరు మూతలు ఆమె చేతిలో పోశాడు. "పురుగుల సంగతి నిజమే. ఇవి పెట్టమను. ఈ ఒక్కటీ వదిలెయ్యమను."

బస్టాండుకు పెట్టె తనే మోశాడు. భట్టిప్రోలు మీదుగా పోయే రేపల్లె బస్సు డ్రైవర్ని పట్టుకుని, "వెనక సీటు కుదుపుద్దా?" అని విచారణ మొదలెట్టాడు.

"ఎక్కుతారా లేదా సార్?"

"ఎక్కం."

పోటీ టైముకి చేరతానో లేదోనని శ్రీజ పళ్ళు నూరింది. రెండో బస్సులో ముందు సీటు దొరికాక గానీ ఆయన పెట్టెను వదల్లేదు.

సాయంత్రం జట్టు గెలిచింది. జట్టులో శ్రీజ చోటు నిలిచింది. ఆమె మొదటి ఫోను శాలేమురాజుకే చేసింది.

"బాబాయ్, గెలిచాం!"

"మంచిది. పెట్టె మీద ఏవన్నా కప్పారా?"

"నానమ్మ దుప్పటి కప్పింది, దుమ్ము పడుద్దని."

"వేడి మీద కప్పితే దానికి ఊపిరాడొద్దూ? ఫోను మీ నానమ్మకియ్యి!"

శ్రీజ నెత్తి కొట్టుకుని ఫోనిచ్చింది. పురుగుల దగ్గర్నుంచి దుమ్ము దాకా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

"మంచి పిల్లాడే" అంది బసవమ్మ ఫోను తిరిగిస్తూ. "కాస్త చాదస్తం."