కృత్తివెన్ను సైకిలు, మా సంఘం ఆమేన్

ఆ రోజుల్లో, అంటే బందరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నిద్ర లేవగానే బైబిలు తెరిచేవాణ్ణి, అది మూయగానే ఫోన్‌లో పాత సైకిళ్ల ప్రకటనలు తెరిచేవాణ్ణి. (రెండోదాంట్లో ఎక్కువసేపు ఉండేవాణ్ణని దేవుడికి తెలుసు, మీకూ తెలియనివ్వండి.) సువార్త చెప్పడానికి దివిసీమ ఊళ్లన్నీ తిరిగిన మా తాతయ్య సైకిలు లాంటిది కొనాలని నా కోరిక. రాడ్ బ్రేకులు, డైనమో దీపం, నిండు చైన్ కవర్. పట్నాల్లో వాటి ధర నా జీతానికి అందేది కాదు. ఒకరోజు ఒక ప్రకటన ఫొటోలో, కృత్తివెన్ను రొయ్యల చెరువు గట్టు మీద, మేత బస్తాలకు ఆనించి అచ్చం అలాంటి సైకిలే కనిపించింది. ధర పాత ఇనుము కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఫోన్ చేస్తే, “ఆదివారం మధ్యాహ్నం రండి. ముందొచ్చినవాళ్లకి ఇచ్చేస్తానండీ” అన్నాడు చెరువు రైతు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు “ప్రార్థన అవసరతలుంటే చెప్పండి” అన్నారు. ‘వ్యక్తిగత అవసరత’ అని కూర్చుంటే సరిపోయేది. నేను లేచి సైకిలు వర్ణన, ఊరు, చెరువు, ఎంత చవకో కూడా విన్నవించాను, దేవుడికి చిరునామా కావాలన్నట్టు! సంఘమంతా ఆమేన్ అంది. అందరికన్నా గట్టిగా అన్నది డోలక్ వాయించే మావయ్య. (నాకు చుట్టం కాదు, సంఘం మొత్తానికీ మావయ్యే.) ఆఖరి పాటకు డోలక్ వినపడకపోతే ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని, పాపం, ఆయన కోసం కూడా ప్రార్థించాను.

బస్సు దిగి చెరువు దగ్గరికి వెళ్తే, “అయ్యో, ఇందాకే ఒకాయన ఆటోలో వేసుకెళ్లారండీ. మంచి భక్తిపరుడు, బేరం కూడా ఆడలేదు” అన్నాడు రైతు.

మరుసటి ఆదివారం మావయ్య సాక్ష్యం చెప్పాడు. “దేవుడు నాకు సైకిలిచ్చాడు. ప్రార్థన పెట్టించిన అల్లుడికి ప్రత్యేక వందనాలు.” నేనూ ఆమేన్ అనాల్సి వచ్చింది. అని, వెంటనే లేచాను. “పాస్టరుగారూ, నాదొక అవసరతండీ. ఆ సైకిలుని కోతపండుగ వేలానికి కానుకగా ఇచ్చే మనసు దేవుడు మావయ్యకివ్వాలి.” కప్పు లేచిపోయేలా ఆమేన్ అంది సంఘం. డోలక్ మీద మావయ్య చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బయటికొచ్చాక, “నీ ప్రార్థనలు మరీ తొందరగా వింటున్నాడురా అల్లుడూ దేవుడు” అన్నాడు.

కోతపండుగ నాడు సంఘస్తులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు అయ్యాక సైకిలు వేలానికొచ్చింది. నాకు పోటీగా పాడింది మావయ్య ఒక్కడే. ఇద్దరం ఎక్కడా తగ్గలేదు, పాస్టరుగారూ ఆపలేదు. చివరికి నాకే దక్కింది, పట్నం ధరకి!

ఆ సైకిలు ఇప్పటికీ లక్షణంగా ఉంది. ఎదురుగాలికి ఆయాసపడుతున్నది నేనే. పాత సైకిళ్ల వేట మాత్రం మానలేదు. ఆదివారం అవసరతలు అడిగితే బుద్ధిగా “వ్యక్తిగతమండీ” అని కూర్చుంటాను. వెనక నుంచి మావయ్య అందరికన్నా ముందు ఆమేన్ అని, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడుగుతాడు, “ఏ ఊళ్లో అల్లుడూ?”